సోలెడు తవుడు

పిల్లల్ని ఏడిపించడానికి మన ఇళ్లలో ఒక మాట ఉంది. అన్నం తిననని మారాం చేసినా, చెప్పిన పని ఎగ్గొట్టినా, ఏమీ లేక ఊరికే ముద్దొచ్చినా సరే, "నువ్వు మా పిల్లవు కాదు, నిన్ను తవుడు పోసి కొన్నాం" అంటాం. పిల్ల మూతి ముడుస్తుంది. మనం పగలబడి నవ్వి చంకనెత్తుకుంటాం. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకుంటాం గాని, పిల్ల దాన్ని ఏ మూల దాచుకుందో ఎవరూ అడగరు.

మెట్‌పల్లి సాలెవాడలో అనసూర్య ఇంట్లో ఇది ఉత్త వేళాకోళం కాదు. ఆమె తన కడుపున పుట్టిన బిడ్డను నలుగురి ఎదుట నిజంగానే తవుటికి అమ్మింది.

మొదట పుట్టిన ఇద్దరు పిల్లలూ పురుడు తీరకముందే పోయారు. పోలీసు యాక్షన్ జరిగిన చలికాలంలో మూడో కాన్పు అయింది. ఆడపిల్ల. పిల్ల ఏడుపు వినగానే అందరికీ సంతోషం కన్నా ముందు భయం పుట్టింది. అప్పుడు అత్త దేవవ్వ, "మనదంటె దక్కదు. దీన్ని అమ్మాలె" అని తేల్చేసింది. బిడ్డలు దక్కని ఇళ్లలో అది పాత ఆచారమే. పిల్లను చాటలో పడుకోబెట్టి వాకిట్లో పెంట పక్కన పెట్టాలి. దారిన పోయే మనిషి తవుడు పోసి కొనుక్కోవాలి. కొన్న మనిషి, "నా బిడ్డను జర సాదిపెట్టు" అని పెంపకం ఒప్పజెబుతూ కన్నతల్లి చేతికే తిరిగి ఇవ్వాలి. చావు వెతుక్కుంటూ వస్తే, ఇది ఈ ఇంటి పిల్ల కాదు, ఎవరిదో ఇక్కడ పెరుగుతోంది అనుకొని వెనక్కి పోతుందట. యముడంతటివాణ్ణి సోలెడు తవుడుతో ఏమార్చవచ్చని మనవాళ్ల ధీమా.

ఆ రోజు ఆ దారిన పోయిన మనిషి లస్మవ్వ. గోదావరి అవతల ఆదిలాబాద్ జిల్లా మనిషి. మొగుడు పోయి, పిల్లాజెల్లా లేక, ఊరూరా కూలి చేసుకుంటూ తిరిగేది. దాహమై మంచినీళ్లు అడగడానికి ఆగింది. కొనమన్నారు సరే, ఆమె కొంగులో తవుడు కాదుగదా ఉప్పురాయి కూడా లేదు. దేవవ్వ ఇంట్లోకి పోయి, బర్రె కోసం దాచిన కుండలోంచి సోలెడు తవుడు తెచ్చి ఆమె చేతిలో పోసింది. లస్మవ్వ ఆ తవుడే మళ్లీ దేవవ్వ చాటలో పోసి పిల్లను ఎత్తుకుంది. వాడకట్టు అంతా చప్పట్లు కొట్టి నవ్వారు. మంచంలో ఉన్న అనసూర్య ఒక్కతే ఏడ్చింది.

పిల్ల బతికింది. బాలలక్ష్మి అని పేరు పెట్టి బాలీ అని పిలుచుకున్నారు. దాని వెనక బాలమల్లు అనే కొడుకు కూడా పుట్టి నిలిచాడు. దాంతో ఆ ఇంట్లో లస్మవ్వకు దేవతకున్నంత మర్యాద. ఏడాదికో రెండేళ్లకో వచ్చేది. చీర పెట్టేవారు, బియ్యం పోసేవారు. బాలి ఆమెను కొన్నవ్వ అని పిలిచేది. లస్మవ్వ గడపలో అడుగు పెడుతూనే, "ఏదీ, నా సొమ్ము మంచిగ సాదుతున్నవా అనసూర్యా?" అని గట్టిగా అడిగేది. అందరూ నవ్వేవారు.

ఇక ఇంట్లో అదే పాట. బాలి నూలు కండెలు వదులుగా చుడితే మగ్గం గుంటలోంచి తండ్రి దశరథం, "ఉండు, కొన్నవ్వ వస్తది, తోలిస్త నిన్ను" అనేవాడు. పిల్ల ఎప్పుడైనా తల్లి మెడ పట్టుకొని, "నేను నీ బిడ్డనే గద అవ్వా?" అంటే దేవవ్వ చప్పున అందుకునేది. "థూ, గట్లనకే! మా బిడ్డవంటె నీ పానం మీదికి వస్తది. నువ్వు కొన్నవ్వ బిడ్డవు." అనసూర్య కూడా దిష్టి తగలకుండా నేల మీద ఉమ్మేసి, "అవునే, నిన్ను అమ్మిన" అనేది. ప్రేమతోనే అనేది. ప్రాణం నిలబెట్టడానికే అనేది.

మధ్యలో కొన్నేళ్లు లస్మవ్వ రాలేదు. ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఏడు దసరా వెళ్లాక వచ్చింది, గుర్తుపట్టలేనంతగా మారి. ఒంటి మీద నాగపూర్ చీర, నోట్లో తమలపాకు, కాయలు కాచిన చేతులు మెత్తబడ్డాయి. నాగపూర్ పోయే దారిలో చాందా దిక్కు పెద్దిళ్లలో పనికి కుదిరానంది. బాలిని గుంజకు ఆనించి నిలబెట్టి ఎత్తు చూసింది. నోరు తెరిపించి పళ్లు చూసింది. "ఇంక పెద్దమనిషి కాలేదు గద?" అని దేవవ్వను మెల్లిగా అడిగింది. సంతలో దూడను చూసినట్టు చూస్తోందేమిటని అనసూర్యకు ఒక్క క్షణం ఒళ్లు జలదరించింది. మరుక్షణమే తన బుద్ధికి తనే సిగ్గుపడింది. బిడ్డ ప్రాణం నిలిపిన మనిషిని అనుమానించడమా? లేచి ఆమెకు అన్నం పెట్టింది.

ఆ సాయంత్రం లస్మవ్వ వెళ్లిపోయాక బాలి ఆమె ఇచ్చిన కొత్త ఎర్ర రిబ్బను వేలికి చుట్టుకుంటూ తల్లి దగ్గరికి వచ్చింది.

"అవ్వా, కొన్నవ్వ పెరట్ల నాకో మాట చెప్పింది."

"ఏం మాటనే?"

"నీకు చెప్పొద్దన్నది."

అనసూర్య పోగు అతుకుతోంది. తల ఎత్తలేదు. "పెద్దోళ్లు చెప్పొద్దన్నది చెప్తరా ఎవలన్న? కండెలు అయినయా?" అంది.

పిల్ల కాసేపు నిలబడి వెళ్లిపోయింది. బిడ్డను ఎంత బుద్ధిమంతురాలిగా పెంచుకుంటున్నానో అని అనసూర్య లోలోపల మురిసిపోయింది కూడా.

ధర్మపురి జాతర దగ్గర పడగానే లస్మవ్వ మళ్లీ దిగింది. "నా బిడ్డను నరసింహసామికి చూపిస్తనని మొక్కుకున్న. జాతర చూపిచ్చుకోని తోలుకొస్త" అంది. దశరథం మగ్గం మీద చీరల పని సగంలో ఉంది. పోగులు అతకడానికి అనసూర్య లేకపోతే అది కదలదు. తాము వెళ్లే వీలు లేదు. మొక్కు కాదనే ధైర్యమూ లేదు.

బాలి మగ్గం గుంజను రెండు చేతులా వాటేసుకుంది. "నేను పోను. పోతె నువ్వు గూడ రా అవ్వా."

"కొన్నామె తోలుకపోతనంటె అమ్మినోళ్లం మనమేమంటమే?" అని దశరథం నవ్వాడు.

అనసూర్య కూడా నవ్వుతూనే పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. "పోవే, రంగులరాట్నం ఎక్కొస్తువు. నువ్వు ఆమె బిడ్డవే గద. తవుటికి అమ్మిన నిన్ను."

బాలి నవ్వలేదు, ఏడవనూ లేదు. తల్లి మొహంలోకి ఒకసారి చూసి గుంజను వదిలేసింది. సగం చుట్టిన కండె ఒకటి రాట్నం మీద ఉంటే, కూర్చొని దాన్ని పూర్తిగా చుట్టి బుట్టలో పెట్టింది. తమ్ముడి తల నిమిరింది. తర్వాత కొన్నవ్వ వెనకాల నడిచిపోయింది. ఇంత మారాం చేసే పిల్ల ఇట్టే మాట విన్నందుకు అందరూ ముచ్చటపడ్డారు.

జాతర ఇంకా సాగుతుండగానే, ఒక మధ్యాహ్నం బిస్మిల్లా బీ వాకిట్లోకి ఉరికి వచ్చింది. ఆమె మెట్‌పల్లిలో గాజులమ్మే మనిషి. బాలి చేతికి మొదటి గాజు ఎక్కించింది కూడా ఆమే. ప్రతి ఏడూ మొగుడు రహీమ్‌తో కలిసి ధర్మపురి జాతరలో దుకాణం పెడుతుంది. జాతర మధ్యలో ఆమె ఇక్కడ కనబడటమే వింత. పైగా నెత్తిన గంప లేదు. చీరకు మోకాళ్లదాకా బురద.

"అనసూర్యా, బాలిని ఏడికి తోలినవ్?"

"జాతరకక్కా. లస్మక్క తోలుకపోయింది. ఎందుకు?"

"జాతర గోదారికి ఇవతల గద. నీ బిడ్డ పడవెక్కి అవతలికి పోతుంది."

అనసూర్య చేయి రాట్నం తిప్పుతూనే ఉంది. "సూడలేదేమో నువ్వు సరిగ" అంది.

"అరే, నా చేతుల పెరిగిన చెయ్యి అది. నాకు తెల్వదా? పొద్దుగాల నీళ్లకు పోయిన. పడవల కూసొని ఉన్నది. ఏడికి బిడ్డా అని అడిగిన. 'మా అవ్వతోని పోతున్న' అన్నది. మీ అవ్వ మెట్‌పల్లిల ఉన్నది గదనే అన్న." బిస్మిల్లా బీ అక్కడ ఆగింది. "'ఆమె ఉత్తగ సాదింది. నన్ను గీమెకు అమ్మింది' అన్నది."

రాట్నం ఆగిపోయింది. మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది. దశరథం గుంటలోంచి తల పైకెత్తి ఎవరో చెంప మీద కొట్టినట్టు చూస్తున్నాడు. రోజూ అనసూర్య అనే మాటే అది. తన నోట్లో ఉన్నంతకాలం అది ముద్దుమాట. పరాయి మనిషి నోట అదే మాట వినేసరికి ఒంట్లో నెత్తురంతా ఒక్కసారిగా చల్లబడిపోయింది.

"ఏడ్వలేదా అక్కా?" అని చివరికి అడిగింది.

"ఏడిస్తె పడవ ఆపకపోదునా? ఏడ్వలే. అందుకే నాకు అనుమానమైంది. ఇంకిద్దరు ఆడపిల్లలున్నరు పడవల. వాళ్లకు గూడ గవే ఎర్ర రిబ్బన్లు. మా ఆయిన ఎనుక పడవెక్కి వాళ్లెంబడే పోయిండు. నేను దుకాణం మా ఆడబిడ్డకు ఒప్పజెప్పి బస్సెక్కిన. జల్ది లేవుండ్రి."

దేవవ్వ గోడ పట్టుకొని లేచింది. "లస్మవ్వ గసుంటిది కాదు. ఆమెను అనుమానిస్తె పిల్ల పానం మీదికి వస్తది" అంది.

అత్తకు ఎన్నడూ ఎదురు చెప్పని అనసూర్య అరిచింది. "ఇంక రానిదేమున్నదత్తమ్మా? పానం మీదికి వచ్చే కూసున్నది!"

బాలమల్లును ముసలామెకు అప్పజెప్పి మొగుడూ పెళ్లాలిద్దరూ బిస్మిల్లా బీ వెంట బస్సెక్కారు. దారి పొడవునా అనసూర్యకు బయటి చప్పుడేదీ వినపడలేదు. తన గొంతే తనకు వినిపిస్తోంది. నవ్వుతూ, ముద్దు చేస్తూ, అమ్మిన అమ్మిన అంటోంది. పళ్లు చూసినప్పుడు తన ఒళ్లు చెప్పింది. తను వినలేదు. పిల్ల తన నోటితో చెప్పబోయింది. అదీ వినలేదు. దేవుడు ఇంతకన్నా ఎలా చెప్పాలి? ధర్మపురి చేరేసరికి పొద్దు గూకింది, పడవలు కట్టేశారు. ఇసుకలో కూర్చొని తెల్లవార్చి, మొదటి పడవలో గోదావరి దాటారు. ఒడ్డున పడవవాళ్లు చెప్పిన ఆనవాలుతో లక్సెట్టిపేటలో బస్సు పట్టుకొని మంచిర్యాల స్టేషన్ చేరుకున్నారు.

ప్రయాణికులు కూర్చునే ముసాఫిర్‌ఖానా గుమ్మంలో రహీమ్ నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఉన్నరు చెల్లె, లోపటనే ఉన్నరు. బల్లార్షా బండికి పోతరంట. ఎవడో వస్తడని లస్మవ్వ ఎదురుచూస్తుంది. పోలీసు జవానుకు చెప్పిన. ఆయన పోయి పిల్లనడిగితె 'గీమెనే మా అవ్వ' అన్నది. ఇంక నేనేం చెయ్యాలె? బండెక్కితె నేను గూడ ఎక్కుదామని ఈడనే కూసున్న" అన్నాడు.

లోపల బల్ల మీద బాలి కూర్చొని ఉంది. ఒంటి మీద తమది కాని కొత్త లంగా. అటూ ఇటూ దాని ఈడు పిల్లలే ఇద్దరు. కనబడగానే బిడ్డ ఉరికి వచ్చి తనను చుట్టేసుకుంటుందని అనసూర్య దారంతా అనుకుంది. చేతులు చాపి, "బాలీ!" అని పిలిచింది.

బాలి తల్లిని చూసింది. కళ్లు పెద్దవయ్యాయి. అంతే. లేవలేదు. లేవవచ్చా అన్నట్టు పక్కనున్న లస్మవ్వ మొహం వంక చూసి తల దించుకుంది.

అనసూర్య చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. తన బిడ్డ తన దగ్గరికి రావడానికి ఇంకొకరి సెలవు అడుగుతోంది. ఆ సెలవిచ్చే హక్కును లస్మవ్వ చేతిలో పెట్టింది ఎవరో కాదు, తనే.

లస్మవ్వ ఏమాత్రం తొణకలేదు. "ఏందే అనసూర్యా, గింత దూరం వచ్చినవ్? నా బిడ్డను నేను తోలుకపోతున్న" అంది.

దశరథం ఆమె మీదికి పోబోతే రహీమ్ పట్టుకున్నాడు. గోల విని జవాను వచ్చాడు. ఒక పిల్లకు ఇద్దరు తల్లులేమిటని విసుక్కున్నాడు. నేరుగా బాలినే అడిగాడు. "చెప్పు బిడ్డా, భయపడకు. ఎవలు నీకు అవ్వ?"

బాలి నేల చూపులు చూస్తూ, అప్పజెప్పిన పాఠంలా చెప్పింది. "గామె సాదింది. గీమె కొన్నది."

ముసాఫిర్‌ఖానాలో ఉన్న జనమంతా గుసగుసలాడారు.

"ఇన్నవా అయ్యా? పిల్లనే చెప్తుంది" అంది లస్మవ్వ. "నలుగుర్ల కొన్న. మెట్‌పల్లి అంత ఎరుకే. కాదంటదేమో అడుగు ఈమెను!"

జవాను అనసూర్య వైపు తిరిగాడు. "అమ్మినవా?"

అబద్ధమాడితే బాగుండేదేమో. ఆమెకు ఆ తెలివి రాలేదు. బిడ్డ వింటోంది. "అమ్మిన" అంది.

"దేనికమ్మినవ్?"

"తవుటికి. సోలెడు తవుటికి."

ఎవరో నోరు నొక్కుకున్నారు. దశరథం కూలబడిపోయి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అనసూర్య ఒక్కసారిగా గొంతు తెంచుకుంది. "ఆ తవుడు గూడ ఈమెది కాదయ్యా! మాదే! మా కుండలది తీసి ఈమె చేతుల పోసినం. ఇద్దరు పిల్లలను మన్నుల పెట్టుకున్న. ఇది గూడ పోతదని భయానికి ఆడిన ఆట అది. నా తవుటికే నా బిడ్డను కొన్ననంటుంది, నువ్వు ఇంటున్నవా అయ్యా?"

జవాను ఇంట్లోనూ ముసలివాళ్లు ఉండే ఉంటారు. ఆచారం సంగతి ఆయనకు అర్థమైంది. లస్మవ్వ వైపు తిరిగాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది. "మనిషిని కొన్ననని నీ నోటితోనే అంటున్నవ్. సరే. గీ పిల్లకు తవుడు పోసినవ్. మరి గా ఇద్దరికి ఏం పోసినవే?"

లస్మవ్వ నోట్లో తమలపాకు నమలడం ఆగిపోయింది. ఆ ఇద్దరిలో చిన్నది, తనను తిడుతున్నారనుకుందో ఏమో, గబగబా చెప్పేసింది. "మా బాపుకు ఎరుకే సార్. నాగపూర్ల పెద్దింట్ల పనంట. బువ్వ పెడ్తరని బాపునే తోలిండు." రెండోది ఏడుపు మొదలుపెట్టింది. గుమ్మం దాకా వచ్చిన నీళ్లకావి కోటు మనిషి ఒకడు లోపలికి తొంగి చూసి, వచ్చినంత వేగంగా వెనక్కి తిరిగాడు. జవాను ఈల ఊదుతూ వాడి వెనక పరిగెత్తాడు. వాడు దొరకలేదు. లస్మవ్వ మాత్రం కదలకుండా నిలబడింది. రహీమ్, బిస్మిల్లా బీ ఆమెకు చెరోపక్క కాపు కాశారు.

"నీకు చేతులెట్ల వచ్చినయక్కా?" అని అనసూర్య అడిగింది. కోపంతో కాదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "నీ కాళ్లు మొక్కి చీరలు పెట్టిన నీకు."

"నీ బిడ్డను బతికిచ్చిన" అంది లస్మవ్వ. "నన్నెవలు బతికిచ్చిండ్రు?" అంతలో జవాను తిరిగి వచ్చి ఆమెను తీసుకుపోయాడు.

అంతా అయింది గాని, బాలి ఇంకా బల్ల మీదే ఉంది. అనసూర్య దాని ముందు నేల మీద కూర్చుంది.

"రా బిడ్డా. ఇంటికి పోదాం."

"నేను నీ బిడ్డనంటె సచ్చిపోత గద? బాపమ్మ చెప్పింది."

"సావవు. బాపమ్మకు తెల్వక చెప్పింది. నాకు తెల్వక నేను చెప్పిన. నువ్వు నా బిడ్డవు. నా కడుపుల పుట్టినవు."

"మరి నువ్వే పొమ్మన్నవు గద?"

"నవ్వులకన్న తల్లీ."

"నాకు తెల్వలే" అంది బాలి.

అనసూర్య దాని పాదాలు పట్టుకుంది. నెలల కిందట అడగవలసిన మాట అప్పుడు అడిగింది. "ఆనాడు పెరట్ల కొన్నవ్వ నీకేం చెప్పింది బిడ్డా?"

బాలి చుట్టూ చూసింది. లస్మవ్వ లేదని రూఢి చేసుకొని మెల్లగా చెప్పింది. "నేను పోనని ఏడిస్తె, నాకు బదులు ఇంట్ల ఇంకొకలి పానం పోతదన్నది. తమ్ముడు సచ్చిపోతడని ఏడ్వలే."

దశరథం మోకాళ్ల మధ్య తల పెట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బిస్మిల్లా బీ, "యా అల్లా" అని గోడ వైపు తిరిగింది. వినవలసిన రోజు ఆ మాట వినకుండా, కండెలు అయ్యాయా అని అడిగిన తల్లి ఇప్పుడు ఏమని ఏడవాలి?

"పడవల గంతమంది ఉన్నరు. బస్సుల ఉన్నరు. ఒక్కసారి అవ్వా అని మొత్తుకుంటే అయిపోవు గద బిడ్డా!"

బాలి తల్లిని వింతగా చూసింది. ఆ సంగతి మొదటిసారి వింటున్నట్టు చూసింది.

"మొత్తుకుంటె నువ్వు వస్తవని నాకెరుక లేదు" అంది.

ఇంటికి తీసుకొచ్చారు. మిగతా ఇద్దరు పిల్లల ఊళ్లకు కబురు పంపుతామని జవాను చెప్పాడు. రెండోదాని తల్లి తనే వచ్చి తీసుకుపోయిందని తర్వాత రహీమ్ వాకబు చేసి చెప్పాడు. చిన్నదాని కోసం చాలారోజులు ఎవరూ రాలేదట.

దేవవ్వ బర్రెకు తవుడు కలపడం మానేసింది. వాడలో అలా అమ్ముడుపోయిన పిల్లలు ఇంకా ఉన్నారు. అనసూర్య ఆ తల్లుల దగ్గరికి తనే వెళ్లింది. ఆచారం చేసుకుంటే చేసుకోండి గాని, అది ఆట అని పిల్లకు చెప్పండి, ఎవరైనా అవ్వకు చెప్పొద్దన్న మాటే ముందుగా అవ్వకు చెప్పమని నేర్పండి, చెప్పినప్పుడు చేతిలో పని పక్కన పెట్టి వినండి అని బతిమాలింది. కొందరు విన్నారు. కొందరు, నువ్వు పిల్లను పోగొట్టుకోబోయి మాకు సుద్దులు చెప్తావా అన్నారు. ఆ మాటా పడింది.

బాలి మాత్రం ఇంట్లో చుట్టపుపిల్లలా మెలిగేది. అడిగి నీళ్లు తాగేది. ఎవరైనా కొత్తవాళ్లు వాకిట్లోకి వస్తే మగ్గం గుంట వెనక దాక్కునేది. తల్లి దగ్గరికి తీసుకుంటే కాదనేది కాదు గాని, తనంతట తాను వచ్చి మెడ పట్టుకునేది కాదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, పెరట్లోంచి ప్రాణం పోతున్నట్టు కేక వినిపించింది. "అవ్వా!"

అనసూర్య చేతిలో పోగు తెగింది. రాట్నం తన్నుకొని పడబోయి, లేచి పరిగెత్తింది. దశరథం గుంటలోంచి ఒక్క దూకులో పైకి వచ్చాడు. బర్రె కొట్టం దగ్గర బాలి రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని నిలబడి ఉంది. పామూ లేదు, తేలూ లేదు, కొత్త మనిషీ లేడు.

"ఏమైందే? ఏమైంది బిడ్డా?"

"ఏం గాలే."

"మరెందుకు మొత్తుకున్నవే?"

బాలి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "వస్తవో రావో అని చూసిన" అంది.

అంతకుముందైతే పని చెడగొట్టినందుకు వీపు మీద ఒకటి పడేది. దశరథం పైగుడ్డతో మొహం తుడుచుకొని లోపలికి పోయాడు. అనసూర్యకు ఆయాసం తీరడానికి కొంతసేపు పట్టింది.

"వచ్చిన గద" అంది.

"ఆ."

"మల్ల పిలుస్తవా?"

"పిలుస్త."

"పిలువు" అంది అనసూర్య.

లోపలికి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. తెగిన కొస వెతికి పట్టుకొని ముడి వేసింది. ఇంకా తిప్పనే లేదు, పెరట్లోంచి మళ్లీ కేక వినిపించింది. అనసూర్య పోగు వదిలేసి లేచింది.